రేడియోలో నా దగ్గు

ఎనభైల మొదట్లో, వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఒక సావుకారి గోదాములో మిరపకాయల తొడిమలు తీసేదాన్ని. పదేళ్లుంటాయేమో నాకు. అమ్మ నా పక్కనే కూర్చునేది. మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. మూడో తరగతిలో ఉండగా నాన్న, మా బాపు, "ఆడివిల్లకు గీ సదువు సాలు" అని నా పలక అటక మీద పడేశాడు. నాకేమో ప్రాణమంతా బడి మీదే.

ఒకరోజు హైదరాబాదు నుంచి రేడియోవాళ్లు వచ్చారు. పనిచేసే పిల్లల మీద కార్యక్రమమట. వాళ్లలో ఒక మేడమ్ నా ముందు మైకు పెట్టింది. ఇంకేముంది, నా నోటికి పట్టపగ్గాల్లేవు.

"పొద్దంత దగ్గుడే మేడం. చేతులు మంటలు లేస్తయి. నాకు బడికి పోవాలెనని ఉంది, మా బాపు వద్దంటాండు. జర మీరన్న చెప్పుండ్రి" అన్నాను, మధ్యమధ్యలో దగ్గుతూనే. అవ్వ భయపడి నా మోచెయ్యి గిల్లింది.

సంగతి తెలిసి బాపు పడీపడీ నవ్వాడు. "రేడియోల నీ మాట ఇనవడనియ్యి, తెల్లారే బడికి తోల్త పో!" అన్నాడు. పరాచికానికే అన్నాడు. కానీ వాడకట్టు అంతా వింటుండగా అన్నాడు.

కార్యక్రమం వచ్చే సాయంత్రం అందరం చౌరస్తాలో చాయ్ హోటల్ రేడియో ముందు చేరాం. బాపు బీడీ ముట్టించుకొని అందరికంటే ముందు నిలబడ్డాడు. పిల్లలకు చదువుకునే హక్కు ఉందని ఎవరో పెద్దాయన చక్కగా చెప్పాడు. ఆ తర్వాత నా మాటలే వచ్చాయి, గొంతు మాత్రం నాది కాదు. ఎవరో పట్నం పిల్ల, "నాకు బడికి వెళ్లాలని ఉందండీ, మా నాన్నగారు ఒప్పుకోవడం లేదు" అని పాఠం చదివినట్టు చదివింది. నాన్నగారట! మా బాపును జన్మలో ఎవరైనా గారు అన్నారా? నా యాస వాళ్లకు పనికిరాలేదు కాబోలు. ఒళ్లు మండిపోయింది.

"గా పిల్లెవ్వరో. మనది కాదు" అని బాపు వెనక్కి తిరిగాడు.

అప్పుడు రేడియోలో మా గోదాము చప్పుళ్లు వినిపించాయి. వాటి మధ్య ఒక దగ్గు. అవ్వ ఉలిక్కిపడి బాపు చెయ్యి పట్టుకుంది.

"ఆగయ్యా! గా దగ్గు నా బిడ్డదే. రోజూ నా పక్కల పండి దగ్గుతది, నాకెర్కలేదా?"

"మాట ఇనవడితె అన్న. దగ్గు ఇనవడితె అన్ననా?" అన్నాడు బాపు. అందరూ నవ్వారు. తెల్లారి అవ్వా నేనూ గోదాముకే పోయాం.

పెళ్లయి, పిల్లలు పుట్టాక రాత్రిబడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నాను. అప్పటికి అవ్వ లేదు. బాపు మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఆ రేడియోవాళ్ల మీద మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. మా కోసమే వచ్చారు, మా హక్కుల గురించి అంత చెప్పారు. అందులో ఒక్క ముక్క నా నోటితో నన్ను చెప్పనిస్తే వాళ్ల సొమ్మేం పోయేది? బాపు మొండివాడే గానీ నలుగురిలో అన్న మాట ఎన్నడూ తప్పలేదు. నా గొంతే వినబడి ఉంటే తెల్లారే నన్ను బడికి తోలేవాడు.