చిన్న సీసాకు గంట సేపు

"రేపు పొద్దున నేనే చెప్తా" అని ఒక మనిషికి మాట ఇచ్చి, చెప్పలేదు. ఆ మనిషి పోయిన ఆదివారం పెనుగంచిప్రోలులో చనిపోయింది. జగ్గయ్యపేటలో మందుల షాపులో ఉండగా నాకు ఆ సంగతి తెలిసింది. నా బిళ్ళలు కవరులో వేస్తూ, "మీ సిస్టరమ్మ పోయిందట కదండీ, పాపం" అన్నాడు షాపతను. ఆమె నాకు చుట్టమూ కాదు, స్నేహితురాలూ కాదు. నందిగామలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో పన్నెండేళ్ళు పనిచేసిన నర్సు. అక్కడ ఆమె ఉద్యోగం పోవడానికి కారణం మా ఇల్లే.

ఇది చదివి కళ్ళు తుడుచుకుందామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మా వైపు జనానికి సెలైన్ అంటే పిచ్చి. ఒళ్ళు నొప్పులకి సీసా, నీరసానికి సీసా. పత్తి అమ్ముకోవడానికి నందిగామ వచ్చి, పనిలో పనిగా ఒక సీసా ఎక్కించుకుని పోయేవాళ్ళని నేను చూశాను. తొంభైలలో టైఫాయిడుకీ, మూత్రపిండాల ఇన్‌ఫెక్షనుకీ నరానికి ఎక్కించే కొత్త యాంటీబయాటిక్ సీసాలు వచ్చాయి. ముందు సిప్రో, తరువాత లీవో. అరలీటరు సెలైన్ పక్కన అవి పిల్ల సీసాలు. ఆ పిల్ల సీసాకి సిస్టరమ్మ గంట సేపు పెట్టేది.

"ఇంత సీసాకి గంటేంటమ్మా? ఆ పెద్దదే అరగంటలో అయిపోయింది!" అని తగువు పెట్టుకునేవాళ్ళు.

"సీసా చిన్నదండీ, మందు చిన్నది కాదు. కూర్చోండి" అనేది.

సీసాకి నిలువుగా ప్లాస్టరు ముక్క అంటించి, మొదలుపెట్టిన టైము రాసి, పావుగంటకొక గీత గీసేది. మందు ఆ గీతకన్నా ముందు దిగితే గొట్టం మీదున్న చక్రం బిగించేది. సీసా తగిలించే ముందు పరీక్షలో అడిగినట్టు అడిగేది. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా? ఆయాసం బిళ్ళలు వేసుకుంటారా? షుగర్ బిళ్ళలు? గుండె జబ్బు ఉందా? మడమ వెనక లాగుతోందా?

"జొరమొచ్చి నేను చస్తుంటే మడమతో నీకేం పనే తల్లీ?" అన్నాడొక ముసలి రైతు.

"ఈ మందు పడనోళ్ళకి మడమ వెనక నరం తెగుద్ది తాతా. లాగినట్టుంటే మొహమాటపడకుండా కేకెయ్యి."

జలుబుతో వచ్చి అదే సీసా కావాలని పట్టుబట్టినవాళ్ళని డాక్టరు గదిలోకి కూడా వెళ్ళనిచ్చేది కాదు. "దీన్నిట్టా జలుబులకి తగలేస్తే రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచెయ్యదు. ఇంటికెళ్ళి గంజి తాగు" అనేది. అందుకే ఆమెకి గర్వమని పేరు పెట్టారు. పని తెలిసిన ఆడమనిషికి ఈ ఊళ్ళలో ఆ పేరు రాకుండా ఉండదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నా భార్యకి మూత్రపిండాలలో చీము పట్టింది. అక్కడే చేర్చాను. అయిదు రోజులు లీవో ఎక్కించారు. ఆరో రోజు మధ్యాహ్నం ఆఖరి సీసా, అది అవగానే ఇంటికి. తీసుకెళ్ళడానికి మా బావమరిది జీపు వేసుకుని వచ్చాడు. పత్తి వ్యాపారి, డబ్బున్నవాడు, పంచాంగం చూడనిదే చెప్పు తొడగడు. నాలుగున్నరకి వర్జ్యం వస్తుందట, ఈలోపు అక్క ఆసుపత్రి గడప దాటాలట. సీసా తగిలించేటప్పటికే నాలుగు దాటింది.

సిస్టరమ్మ గీతలు గీసి, రెండోసారి చక్రం సరిచూసి, పక్క వార్డులో పురిటి నొప్పుల కేక వినబడి అటు వెళ్ళింది. నేను మందు పెట్టెలోని కాగితం చదువుతున్నాను. చదవడం నా జబ్బు. గంటకు తగ్గకుండా ఎక్కించాలని, తొందరపెడితే రక్తపోటు పడిపోవచ్చని అందులో అచ్చువేసి ఉంది. తలెత్తేసరికి మా బావమరిది వేలు చక్రం మీద ఉంది.

"ఒరే, గంట పట్టాలంది కదరా ఆవిడ?"

"ఆవిడికేం బావా, జీతమొస్తే చాలు. వర్జ్యంలో కదిలితే మళ్ళీ మంచమెక్కేది మా అక్క. ఇంత సీసా, ఏమవుద్ది?"

నేను లేచి ఆ చక్రం బిగించి ఉండాల్సింది. కాగితం మడత పెట్టాను. అంతే చేశాను.

పది పన్నెండు నిమిషాల్లో సీసా ఖాళీ అయింది. "చెయ్యి మండిపోతోంది" అంది నా భార్య. "జీపులో తగ్గుద్దిలే అక్కా" అని వాడు ఆమెని లేపి నిలబెట్టాడు. రెండడుగులు వేసి కుప్పకూలింది. ఇనప మంచం కోడు నుదుటికి తగిలి రక్తం వచ్చింది. పరుగెత్తుకొచ్చిన సిస్టరమ్మకి నాడి అందలేదు. కాళ్ళు ఎత్తించింది, సెలైన్ పెట్టింది, డాక్టరుకి కబురు పంపింది. బీపీ మామూలుకి వచ్చేదాకా మంచం పక్కన నేల మీదే మోకాళ్ళ మీద ఉండిపోయింది. ఇవాళ నా భార్య బతికి ఉందంటే ఆ మోకాళ్ళ వల్లే.

ఈలోపు మా బావమరిది వరండాలో నిలబడి అరుస్తున్నాడు. "నర్సు గబగబా ఎక్కించేసింది! పేపరువాళ్ళని పిలుస్తా! ఈ ఆసుపత్రి సంగతి చూస్తా!"

సిస్టరమ్మ నా దగ్గరికి వచ్చింది. "మీరు చూసారు కదండీ?"

"చూసానమ్మా. రేపు పొద్దున డాక్టరు గారికి నేనే చెప్తా."

రాత్రి కాకముందే నా భార్య మంచం మీంచే నా దగ్గర మాట తీసుకుంది. "మీరు చెప్పారంటే, మా తమ్ముడు మళ్ళీ మన గడప తొక్కడు" అంది. నేను ముప్పై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా సాక్షుల మాటలు రాసినవాణ్ణి. భయపడి మాట మార్చిన సాక్షుల్ని ఇంటికొచ్చి తిట్టినవాణ్ణి. మర్నాడు వర్జ్యం లేని వేళ చూసుకుని, జీపెక్కి, ఇంటికి వచ్చేశాను. నా భార్య చేతి నరం నెలల తరబడి తాడులా గట్టిపడి ఉండేది. దానికి నూనె రాస్తూ ఆ ఇంట్లో ఎవరమూ సిస్టరమ్మ మాట ఎత్తలేదు.

మళ్ళీ ఆమెని చూసింది పెనుగంచిప్రోలులో, రెండు గదుల ఆసుపత్రిలో. మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు నాకు కాలి పుండు ముదిరి జ్వరం వచ్చింది. అక్కడి డాక్టరూ అదే సీసా రాశాడు. తగిలించడానికి వచ్చింది ఆమె. నన్ను గుర్తుపట్టింది. తన ప్రశ్నలు మొదలుపెట్టింది.

"షుగర్ బిళ్ళ వేసుకున్నారా?"

"పొద్దున్నే వేసుకున్నా."

"అన్నం తిన్నారా?"

తినలేదు. ఆకలి లేదన్నాను.

"ఈ మందుకి షుగర్ ఒక్కసారే పడిపోద్దండీ. ముందు తినండి" అని ఇడ్లీ తెప్పించి, వేలు పొడిచి చూసి, అప్పుడు సీసా తగిలించింది. సగం దిగాక నాకు చెమటలు పోశాయి. నేను చెప్పేలోపే ఆమె చక్రం ఆపి, మళ్ళీ వేలు పొడిచి, గ్లూకోజు తాగించింది. తనకి చేసిన దానికి కక్ష తీర్చుకోదలిస్తే ఆమె ఏమీ చేయనక్కర్లేదు, పక్క గదికి వెళ్తే చాలు.

"మేడమ్ గారి చెయ్యి తగ్గిందా?" అని అడిగింది.

తగ్గిందన్నాను. నా గొంతు వింటే నాకే అసహ్యమేసింది. "ఆ రోజు నేను..." అన్నాను.

"మీరు చెప్తారని నాలుగు రోజులు చూసానండి. చెప్పినా ఏమయ్యేది కాదులెండి. డాక్టరు గారికి ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ సాయంత్రమే గదిలోకి పిలిచారు. 'నువ్వలా చెయ్యవని నాకు తెలుసమ్మా, రేపట్నించి రావద్దు' అన్నారు." ఆమె ఇది ఏడుస్తూ చెప్పలేదు. మందు ఎంతవరకు దిగిందో చూస్తూ చెప్పింది.

మొన్న ఆ నందిగామ డాక్టరు గారు నాకు మనిషిని పంపారు. ఆమె జ్ఞాపకార్థం సభ పెడుతున్నారట, పాత పేషెంటుగా నాలుగు మంచి మాటలు రాసివ్వాలట. నిన్న నందిగామ వెళ్ళి చూశాను. ఇప్పుడది మూడంతస్తుల ఆసుపత్రి. రిసెప్షనులో ఆమె ఫొటో పెట్టారు, కింద "మా తొలి సిస్టర్" అని రాయించారు. డాక్టరు గారు స్టూలెక్కి బంతిపూల దండ సరిచేస్తున్నారు. దండ మరీ పెద్దది కావడంతో ఆమె మొహం సగం పూలలో మునిగిపోయింది.

మా బావమరిది తెలియక ఆ చక్రం తిప్పాడు. నేను పిరికివాణ్ణి, అందుకు నాకు క్షమాపణ లేదు. కానీ ఆమె తప్పు లేదని తన నోటితోనే అని, అదే నోటితో రావద్దన్న మనిషి మాత్రం వేరు. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఆ స్టూలు మీద నిలబడ్డ డాక్టరు గారినే.