ముళ్ళచెట్టుకు నీళ్ళెందుకన్నారు

ఈ దారిన పోయేవాళ్ళకు ముందే చెప్తాండా, ధర్మవరం నుంచి గుమ్మఘట్ట పక్కకు నేరుగా బస్సు లేదు. పొద్దున ఆరింటికి బయల్దేరి అనంతపురంలో ఒకసారి, రాయదుర్గంలో ఒకసారి మారల్ల. ఎనభైల మొదట్లో, ఆ దిక్కున ఉండే మా అక్క చేనంతా పోతాండాదని కబురంపితే, చీరల అంగడి మూసి పోయినా.

రాయదుర్గంలో ఎక్కిన బస్సులో గొర్రెల కాపరి ఒకాయన పక్కన కూర్చున్నాడు. అక్క ఊరి పేరు చెప్తే, ఆడ చేన్లకు కంచెగా కంపే లేదు, మందను ఆపేది తనవల్ల కాదని చెప్పినాడు. నేను నమ్మలేదు. తుమ్మకంప పరవని చేను ఈ సీమలో యాడుంటాది?

మధ్యాహ్నానికి దిగి నేరుగా చేనుకే పోయినా. శెనక్కాయ సగం మేసి పోయినాయి గొర్రెలు. గట్టు పొడుగునా ఎండిన మొక్కలు. ఒకదాన్ని చూస్తానే నా ఒళ్ళు మండిపోయింది. మొద్దు మీదనే చీలిన ముళ్ళు. చీరలు అమ్మేకి కన్నడనాట ఆగుంబె దిక్కు పోయినప్పుడు ఆ అడవిలో చూసిన చెట్టే ఇది. ఆడ వాన పట్టుకుంటే నెలలు వదలదు, ఆరేసిన పంచె వారమైనా ఆరదు.

ఎవరో అధికారి వచ్చి, పచ్చకంచె అవుతాదని ఈ నారు నాటించి, పాత కంపంతా తీసేయించినాడంట. దాన్ని ఊరోళ్ళు పొయ్యిలో పెట్టుకున్నారు. నీళ్ళు పోయలేదా అంటే అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"ముళ్ళచెట్టుకు ఎవరన్నా నీళ్ళు పోస్తారారా? తుమ్మకు పోసినామా, రేగుకు పోసినామా?"

ఆమెదేం తప్పు? ఈడ ముల్లుంటే ఎండకోర్చే చెట్టనే లెక్క. నారు తెచ్చినోనికి తెలియొద్దా, అది పుట్టింది యాడని? వాని నోట్లో మన్ను బడ!

మరుసటి దినం ఫారెస్టు ఆఫీసుకు పోయి గట్టిగానే అడిగినా. ఆ అధికారి బదిలీ అయిపోయినాడంట. కొత్తాయన నిదానంగా చెప్పినాడు, "చచ్చినవాటికి బదులు అవే మొక్కలు పంపిస్తాం. అడవిలో కంప మాత్రం కొట్టొద్దు, కేసవుతాది." ఇట్లాంటి న్యాయం నేను యాడా వినలేదు.

సాయంత్రం నాలుగు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. టికెట్ తీసుకొని కూర్చున్నా. బస్సు అక్క చేను పక్కనే పోతాది. చూస్తే మంద గట్టు దిగుతాండాది, అక్క కొంగు నడుముకు చెక్కి, రెండు చేతులూ చాపి అడ్డం నిలబడి ఉండాది. ఈ పక్క ఆపితే ఆ పక్క దిగుతాండాయి. బస్సు ఆపమన్నా. "అనంతపురంలో బస్సు తప్పుతాదన్నా," అన్నాడు కండక్టరు. తప్పనీలే అని మూటతో సహా దిగేసినా.

అక్క తూర్పు గట్టుకు పరిగెత్తింది.

"పడమటి గట్టు నువ్వు చూడురా," అనింది.