తోక తీసేసిన కమాండు

మా నల్లగొండ కాలేజీ ల్యాబ్ సార్‌ది వట్టి పొగరని అందరూ అంటారు. నేనొప్పుకోను, ఆయన పట్టుకున్న నియమం సరైనదే. లినక్స్ కంప్యూటర్లో టైపు చేసే కమాండు పేరు చివర, అది ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాసిందో చెప్పే 'డాట్ ఎస్‌హెచ్' తోక కనబడితే చాలు, నాలుక చప్పరించి తీసేసేవాడు.

"గదేం జేసింది సార్ మిమ్మల్ని?" అన్నాను.

"రేపు గిదే పైథాన్ల రాస్తె పేరు మారుస్తరా మేడం? ఏ భాషల రాసిన్రో వాడెటోళ్లకు ఎందుకు?"

ఫోటోలను దరఖాస్తు సైజుకు తగ్గించడానికి నేను రాసిన 'కుదింపు డాట్ ఎస్‌హెచ్' కమాండును, ఎవరి కంప్యూటర్లోనైనా ఎక్కించుకునేలా ఆయనే ప్యాకేజీగా కట్టి, తోక తీసేసి, వాడేవాళ్లందరికీ అప్‌డేట్‌గా పంపాడు. పేరు మార్చినట్టు ఒక్కరికీ చెప్పలేదు, నాతో సహా.

మరునాడు, మోత్కూర్‌లో ఇంటర్నెట్ షాపు నడిపే నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. "మేడం, ఫోటోలు తగ్గించే గా కమాండే లేదంటాంది కంప్యూటర్. ఇయ్యాల దరఖాస్తుకు ఆఖరి తారీఖు. షాపు నిండ మంది నిలబడ్డరు."

ఫోన్ సార్ చేతికిచ్చాను.

"తోక లేకుండ కొట్టు బిడ్డా, గంతే," అన్నాడు తాపీగా.

అప్పటికే సగంమంది వేరే షాపుకు వెళ్లిపోయారట.

వాడేవాళ్లకు ఇబ్బంది కాకూడదనే కదా ఆ నియమం? మరి పాత పేరును కూడా కొన్నాళ్లు పనిచేయనివ్వడానికి ఆయనకేం అడ్డమొచ్చింది?