మా మిషన్ నడిచింది

పాత వాషింగ్ మిషన్లు కొని బాగుచేయడం నా పిచ్చి. బూర్గంపాడులో మా ఇంటి వరండా నిండా అవే. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ బట్టలు బండ మీదే ఉతుకుతుంది. మొన్న ఇల్లందు నుంచి ఇంకో ముసలి మిషన్ తెచ్చేసరికి ఆఖరి మాట చెప్పేసింది.

"ఇది నడిస్తే ఉంచుకోండ్రి. నడవకుంటే అన్నీ పాత సామాన్ల కొట్టుకు ఏసుడే."

ఈ రోజు మోటారు బిగించి, డ్రయ్యర్‌లో తడి దుప్పటి కుక్కి, ఆమెను పిలిచి మరీ పెద్ద ఇంజనీరులా స్విచ్ వేశాను. మిషన్ గడగడమంటూ గంతులు మొదలుపెట్టింది. ఆపుదామని కావలించుకుంటే నన్నూ ఈడ్చుకుంటూ వరండా మెట్టు దాకా పోయి, ప్లగ్గు ఊడాక ఆగింది.

"చూసినవా, నడిచింది!" అన్నాను, దాన్ని ఇంకా వదలకుండానే.

"అవ్, మంచిగనే నడిచింది. గట్లనే కొట్టు దాకా నడుచుకుంట పొమ్మనుండ్రి. ఆటో కిరాయన్న మిగులుతది."

ఆమె పెట్టిన షరతు ప్రకారం నేను గెలిచినట్టా, ఓడినట్టా? నెట్ సెంటర్లో కూర్చుని రాస్తున్నాను, ఆమె ఇటు రాదు. ధైర్యంగా నా వైపే చెప్పండి.