కెప్టెన్ పేరు పక్కన ఒక్క ఇంటూ

ఓటు పవిత్రమైనదని ఉపన్యాసాలు దంచేవాళ్ళలో చాలామంది, దాన్ని వెయ్యడానికి ఎన్నడూ అగచాట్లు పడనివాళ్ళు. మేరీలాండ్ తూర్పు తీరంలో, మార్ష్ లాండింగ్ అనే ఆల్చిప్పల రేవులో, కెతూరా కాట్‌మన్ ఇంట్లో మాత్రం ఓటంటే చిటికెనవేలి గోరంత గడి. ఆ గడిలో ఇంటూ గుర్తు పడాలి. గీత బయటికి పోకూడదు. పవిత్రత సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కెతూరాకి ఓటు లేదు. 1904లో ఆ రాష్ట్రంలో ఆడవాళ్ళెవరికీ లేదు. షెడ్డులో నిలబడి ఆల్చిప్పలు విప్పే మనిషి ఆమె. నలభై దాటిన వయసు, కత్తి పట్టి పట్టి కాయకాసిన అరచెయ్యి, నోట్లో ఎప్పుడూ తయారుగా ఉండే సమాధానం. చిన్నప్పుడు చర్చివాళ్ళ బళ్ళో కొన్ని చలికాలాలు చదువుకుంది. పేటలోని నల్లవాళ్ళలో కాగితం చూసి చదవగలిగిన కొద్దిమందిలో ఒకతె. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఎదుటివాళ్ళు మర్చిపోతే గుర్తుచేసేది కూడా.

మామగారు లెవిన్ కాట్‌మన్ బానిసగా పుట్టాడు. నల్లవాళ్ళకి ఓటు వచ్చిన ఏడాది నుంచి ఒక్క ఎన్నికా వదల్లేదు. అక్షరం ముక్క రాదు. అప్పట్లో రాకపోయినా నడిచిపోయేది. కాగితం మీద రిపబ్లికన్ పార్టీ వరస నెత్తిన లింకన్ తలకాయ బొమ్మ ఉండేది. బొమ్మ కింద ఒక్క ఇంటూ పెడితే అధ్యక్షుడి దగ్గర్నుంచి షరీఫు దాకా పార్టీవాళ్ళందరికీ పడేది. తర్వాత డెమొక్రాట్లు చట్టం మార్చి బొమ్మలు తీసేశారు. చదవడం రానివాళ్ళకి, ఓటేసే తెర వెనక ఎవరూ సాయం చెయ్యకూడదన్నారు. ఆ చట్టంలో నల్లవాళ్ళన్న మాట వెతికినా దొరకదు. ఆ మాట అవసరం లేకుండా రాయడంలోనే ఉంది వకీళ్ళ పనితనం.

కిందటేడు గవర్నరు ఎన్నికకి లెవిన్ ఆదివారం కోటు తొడుక్కుని వెళ్ళాడు. తెర వెనక నిలబడి కాగితం విప్పితే పేర్లన్నీ చీమల బారుల్లా కనిపించాయి. ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

"టైమైపోయింది, అంకుల్," అని బయటినుంచి కేకేశాడు గుమస్తా. తెల్లవాళ్ళు నల్ల ముసలివాణ్ణి మిస్టర్ అని పిలవరు. ఆ ఒక్క మాట ఎగ్గొట్టడానికి ఊరందరితోనూ వరస కలుపుకుంటారు.

లెవిన్ ఖాళీ కాగితాన్నే మడిచి పెట్టెలో వేసి వచ్చాడు. ఓటేశానని అందరితో చెప్పాడు. చాలా రోజుల తర్వాత, పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటూ, కోడలితో మాత్రం నిజం చెప్పాడు.

"ఖాళీది వేశానమ్మాయ్. వాడికి చెప్పకు." వాడంటే కొడుకు సెవర్న్, కెతూరా మొగుడు.

"నాకేం పని మావయ్యా."

"వచ్చేది అధ్యక్షుడి ఎన్నిక, మన పార్టీ రూజ్‌వెల్ట్‌ది. అది కూడా ఖాళీగా వేస్తే నేనింక గడప దాటను. ఈ వయసులో ఇంకోసారి అంత సిగ్గు పడలేను."

వంటింటి బడి అలా మొదలైంది. మొదట ఒక్కడే విద్యార్థి. చలిగాలి తిరిగేసరికి సాయంత్రాలు పది పదిహేనుమంది మగవాళ్ళు టోపీలు మోకాళ్ళ మీద పెట్టుకుని, చిలగడదుంప బిస్కెట్లు నముల్తూ, బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళు. బల్లమీది మైనగుడ్డ మీద కెతూరా బొగ్గుతో గళ్ళు గీసేది.

అమెరికాలో జనం నేరుగా అధ్యక్షుడికి ఓటెయ్యరు. ఆయన తరఫున రాష్ట్రంలో నిలబడ్డ ప్రతినిధులకి వేస్తే, వాళ్ళు వెళ్ళి ఆయనకి వేస్తారు. మేరీలాండ్‌కి ఎనిమిదిమంది. రిపబ్లికన్ల ఎనిమిది పేర్లలో మొదటిది బోనపార్ట్. బాల్టిమోర్‌లో వకీలు, ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ వంశంవాడు.

"చక్రవర్తి మనవడికి నేను ఓటెయ్యడమేంటే," అన్నాడు లెవిన్.

"మీరు మనిషికి వెయ్యట్లేదు మావయ్యా, అక్షరానికి వేస్తున్నారు. ఇదిగో, చూడండి. నిలువు కర్ర, దానికి రెండు పొట్టలు. ఒకదాని మీద ఒకటి."

"మన పాస్టరుగారిలాగా."

"ఆయనకి పొట్ట ఒకటే. పైది గడ్డం."

నవ్వులు ఆగాక తలుపు దగ్గర నిలబడ్డ ఎఫ్రాయిమ్ వాటర్స్ గొంతు సవరించుకున్నాడు. అతను పేటకి మంగలి, చర్చిలో పెద్ద. ఈమధ్యే బాల్టిమోర్‌లో పార్టీ సభకి వెళ్ళొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ప్రతి మాటా ‘బాల్టిమోర్‌లో’ అని మొదలెడుతున్నాడు.

"బాల్టిమోర్‌లో వకీలుగారు చెప్పారు సిస్టర్. ప్రతి పేరుకీ విడిగా ఇంటూ పెట్టాలంట. ఎనిమిదికి ఎనిమిది."

కెతూరా బొగ్గు కింద పెట్టింది. "పెద్ద పడవకి లైసెన్సు ఎవరి పేర ఉంటుంది బ్రదర్?"

"కెప్టెన్ పేర."

"పడవలోవాళ్ళకి విడిగా ఉంటుందా?"

"పడవకీ దీనికీ సంబంధమేంటండీ?"

"పైన పేరున్నవాడే కెప్టెన్. వాడు ఒడ్డుకి చేరితే మిగిలిన ఏడుగురూ నీళ్ళలో ఉండిపోతారా? ఒక మనిషిని గెలిపించడానికి ఎనిమిది గుర్తులేంటి, చోద్యం కాకపోతే. సరే, ఎనిమిదీ గీశారే అనుకోండి. మా మావయ్య చెయ్యి చూడండి. బల్లమీద పెట్టినా వణుకుతోంది. ఎనిమిదిట్లో ఒకటి గడి దాటుతుంది. దాటితే కాగితమే చెల్లదంటారు. అది చెప్పాడా మీ వకీలు?"

"చెప్పారు."

"మరింకేం."

గది మొత్తం ఆమె వైపే తల ఊపింది. ఊపదా? వాళ్ళ చెయ్యి అంతకాలమూ బొమ్మ కింద ఒక్క ఇంటూకే అలవాటు పడింది. నీళ్ళమీద బతికేవాళ్ళకి కెప్టెన్ మాట కన్నా పెద్ద చట్టం లేదు. గడి దాటితే కాగితం పోతుందన్న భయం నిజమైనదే కూడా. కెతూరా వాదంలో సగం వివేకం ఉంది. మిగతా సగం, చెప్పింది ఎఫ్రాయిమ్ కాబట్టి తప్పయి ఉండాలన్న నమ్మకం.

ఎన్నిక రోజున లెవిన్ కొడుకుతో కలిసి పొద్దున్నే బయల్దేరాడు. కెతూరా షెడ్డుకి పోయింది. చిప్ప అంచులో కత్తి దూర్చడం, తిప్పడం, మాంసం గిన్నెలో వెయ్యడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నా కళ్ళు గుమ్మాన్నే అంటిపెట్టుకున్నాయి. పొద్దెక్కాక లెవిన్ కోటు గుండీలన్నీ పెట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"రెండు పొట్టలవాణ్ణి పట్టుకున్నాను," అన్నాడు.

"గీత?"

"ఓ మూలకి ఆనింది. దాటలేదు. దాటిందేమోనని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. గుమస్తా మళ్ళీ కేకేశాడు. ఉండవయ్యా, సిరా ఆరనీ అన్నాను."

కెతూరా ఏప్రన్‌తో ముఖం తుడుచుకుంది. షెడ్డులో చిప్పల నీళ్ళు ముఖం మీద చిందడం మామూలే కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

దేశమంతా రూజ్‌వెల్ట్ ఊడ్చేశాడు. ఆయనకి మేరీలాండ్ అవసరమే లేకపోయింది. కానీ మేరీలాండ్‌లోనే లెక్క తేలలేదు. ఇవాళ వీళ్ళు ముందన్నారు, రేపు వాళ్ళు ముందన్నారు. అవసరం లేని రాష్ట్రం కోసం ఎందుకింత ఆరాటమని చదువుకున్నవాళ్ళు పత్రికల్లో విసుక్కున్నారు. తన కాగితం లెక్కలోకి రాలేదని ఏడాది పొడుగునా కుమిలినవాడికి ఆ ప్రశ్న అర్థం కాదు.

ఆఖరికి నెలాఖరు దగ్గర పడ్డాక తేలింది. ఎఫ్రాయిమ్ పత్రిక మడతపెట్టి పట్టుకుని నేరుగా షెడ్డుకే వచ్చాడు. కత్తులు ఆగేదాకా ఆగి, అప్పుడు చదివాడు. రిపబ్లికన్ల మొదటి పేరు గెలిచింది. డెమొక్రాట్లలో అందరికన్నా ఎక్కువ వచ్చినవాడి మీద యాభై ఒక్క ఓట్లు ఎక్కువ, రాష్ట్రం మొత్తం మీద. మిగిలిన ఏడుగురు రిపబ్లికన్లూ ఓడారు. ఆ ఏడు స్థానాలూ డెమొక్రాట్లవి. చాలామంది రిపబ్లికన్లు మొదటి పేరు దగ్గరే గుర్తుపెట్టి ఊరుకోవడం వల్ల ఇలా జరిగిందని పత్రిక రాసింది.

"సిస్టర్ కెతూరా పడవలో," అన్నాడు ఎఫ్రాయిమ్, "కెప్టెన్ ఒక్కడే ఒడ్డెక్కాడు. మిగతావాళ్ళంతా మునిగారు."

కొందరు నవ్వారు. ఆ నవ్వుని కెతూరా ఎలాగో మింగేది. కానీ చివరి బల్ల దగ్గర పనిచేసే ఓ పడుచువాడు, ఆమె బళ్ళో ముందు వరసలో కూర్చున్నవాడు, నవ్వకుండా అడిగాడు.

"నా చెయ్యి వణకదు కదా సిస్టర్. నాకెందుకు ఒక్కటని చెప్పారు?"

కెతూరా ఇంకో చిప్ప తీసుకుని, అంచు వెతక్కుండానే కత్తి దూర్చింది.

ఇంటికెళ్ళేసరికి లెవిన్ పొయ్యి ముందు పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. కబురు అతనికి ముందే చేరింది.

"యాభై ఒకటంట అమ్మాయ్. అందులో నాదొకటి."

"ఏడుగురు పోయారు మావయ్యా."

"ఎనిమిదీ గీసుంటే నా కాగితం చెత్తబుట్టలో పడేది."

"మీ సంగతి వేరు. తక్కిన మగాళ్ళ చేతులకేం రోగం? మీకు సరిపోయింది కదాని అందరికీ అదే అంటగట్టాను. మీ అబ్బాయి చెయ్యి రాయిలా ఉంటుంది. అతని చేత కూడా ఒక్కటే పెట్టించాను."

మూల కూర్చుని వల బాగుచేసుకుంటున్న సెవర్న్ తల ఎత్తలేదు. "నేను ఎనిమిది పెట్టాను," అన్నాడు.

కెతూరా అటు తిరిగింది. "ఏంటన్నావ్?"

"ఎఫ్రాయిమ్ చెప్పింది సబబుగా తోచింది. ఎనిమిదీ పెట్టాను."

"తోస్తే నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీతోనా?" సెవర్న్ దారాన్ని పళ్ళతో కొరికాడు. "ఆ పడవ కథ చెప్పిన్నాడు నీ మొహం చూశాను. నీతో వాదించడం కన్నా ఎనిమిది గీతలు తేలిక."

లెవిన్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కెతూరాకి నవ్వు రాలేదు. తప్పు చెయ్యడం ఒక ఎత్తు. పక్కలో మనిషికి సరైనది తెలిసి కూడా, తనతో చెప్పడం దండగని ఊరుకోవడం ఇంకో ఎత్తు. ఆ రాత్రి ఆమె భోజనం సరిగా చెయ్యలేదని సెవర్న్ తర్వాత చెప్పేవాడు, తనేదో వీరకార్యం చేసినట్టు.

శనివారం ఎఫ్రాయిమ్ కొట్టు నిండా మగవాళ్ళున్నప్పుడు కెతూరా వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఆడవాళ్ళు అడుగుపెట్టే చోటు కాదది.

"మీరు చెప్పిందే సరైంది బ్రదర్ ఎఫ్రాయిమ్. ఎనిమిది పెట్టాలి. చెయ్యి కుదురుగా ఉన్నవాళ్ళకి నేను తప్పు నేర్పాను. మీ మాట విన్నట్టే విని కొట్టిపారేశాను."

ఎఫ్రాయిమ్ ఒకరి గడ్డం మీద కత్తి పెట్టి ఉన్నాడు. ఇలాంటప్పుడు మనిషి హుందాగా ఏదో ఒకటి అంటాడని కథల్లో చదువుతాం.

"తలుపు వేసెయ్యండి సిస్టర్," అన్నాడు అతను. "సబ్బు ఆరిపోతోంది."

ఆ శీతాకాలమంతా కెతూరా వంటింట్లోకి చదువుకని ఎవరూ రాలేదు. మైనగుడ్డ మీద బొగ్గు చారలు ఎంత తోమినా పూర్తిగా పోలేదు. చర్చిలో పలకరింపులు మామూలుగానే ఉండేవి, మరీ మామూలుగా.

మరుసటేడు రాష్ట్రాన్నేలే డెమొక్రాట్లు ముసుగు కూడా తీసేశారు. రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ తెస్తామన్నారు: నల్లవాళ్ళకి ఓటు రాకముందు ఎవరికి ఓటుందో, వాళ్ళకీ వాళ్ళ సంతానానికీ ఏ అడ్డూ ఉండదు, మిగతావాళ్ళు రాజ్యాంగంలోంచి ఒక ముక్క చదివి, అధికారికి నచ్చేలా అర్థం చెప్పాలి. అధికారికి ఎవరి అర్థం నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ సవరణ మీద నవంబరులో జనం ఓటెయ్యాలి. ఓడించకపోతే లెవిన్‌కి అదే చివరి ఓటు.

అక్టోబరులో ఓ సాయంత్రం ఎఫ్రాయిమ్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈసారి రెండే గళ్ళు సిస్టర్. అనుకూలం, వ్యతిరేకం. ఒక్క ఇంటూ పెడితే చాలు. ఆ విద్యలో మీ తర్వాతే ఎవరైనా."

"వెక్కిరించడానికి ఇంత దూరం వచ్చారా?"

"అందుక్కూడా వచ్చాను. మనవాళ్ళు బయట నిలబడ్డారు. నెల్లాళ్ళ నుంచి కొట్టులో నేనే చెప్తున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి చెప్తే నిద్రపోతున్నారు."

కెతూరా కిటికీలోంచి చూసింది. అందరూ ఉన్నారు. ఆనాడు ప్రశ్న అడిగిన పడుచువాడు కూడా ఉన్నాడు. లోపలికి వచ్చాక మొదట నోరు తెరిచింది అతనే.

"ఒక్కటేనా సిస్టర్? కచ్చితంగానా?"

"నన్నడక్కు," అంది కెతూరా. "నమూనా కాగితం ఇదిగో. నేను చదువుతాను. తర్వాత బ్రదర్ ఎఫ్రాయిమ్ చదువుతారు. ఇద్దరం ఒకటే చెప్తే పెట్టండి. చెప్పకపోతే, తేలేదాకా ఎవరూ ఇక్కణ్ణించి కదలొద్దు. నువ్వు కూడా," అంది మొగుడితో. "ఏదైనా తోస్తే ఇప్పుడే, అందరి ముందూ చెప్పు."

సెవర్న్ చేతులు పైకెత్తాడు.

ఆమె చదివింది. ఎఫ్రాయిమ్ కళ్ళజోడు పెట్టుకుని, అవసరమైనదానికన్నా నిదానంగా, బాల్టిమోర్ గొంతుతో చదివాడు. ఇద్దరూ ఒకటే చెప్పారు. లెవిన్ వణికే చేత్తో బొగ్గు తీసుకుని ‘వ్యతిరేకం’ గడిలో ఇంటూ పెట్టి, గీత దాటిందేమోనని వంగి చూశాడు. ఎఫ్రాయిమ్ కూడా వంగాడు.

"మూలకి ఆనింది," అన్నాడు. "దాటలేదు."

సవరణ ఓడిపోయింది, ఈసారి వేల తేడాతో. లెవిన్ ఆ తర్వాత కూడా ఆదివారం కోటు తొడుక్కుని ఓటెయ్యడానికి వెళ్తూనే ఉన్నాడు.