టీచరమ్మకి తగ్గించిన రేటు

"రేటు ఒక్క జుట్టుకే అనుకున్నావా చెల్లీ? తల కాస్త వంచు. మెట్లెక్కినందుకూ, ఎండలో బండి తోలినందుకూ, మీ అత్తగారి మోకాళ్ళ నొప్పుల కథ మొదటినుంచీ విన్నందుకూ అన్నీ కలిపితే రేటు."

వీధంతా ఆమెను కత్తెరక్క అంటుంది. దువ్వెన ఆగదు, నోరూ ఆగదు. పార్లర్‌లో జీతానికి చేసిన రోజుల్లో ధరలు గోడమీద అట్టపై రాసి వేలాడేవి. అడిగినవాళ్ళకి వేలు చూపిస్తే సరిపోయేది. సొంతంగా సంచి తగిలించుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాక ఆ ధర నోటితో చెప్పాల్సి వచ్చింది. చెప్పలేక "మీ ఇష్టమండీ" అనేది. వాళ్ళ ఇష్టం ఎప్పుడూ పెట్రోలు ఖర్చు దగ్గరే ఆగిపోయేది.

"ఇలా అయితే ఇల్లు నడవదే" అని భర్త విసుక్కునేవాడు. "నోరున్నవాడివి, నువ్వే వచ్చి అడుగు" అంటే పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

మెల్లగా నేర్చుకుంది. కత్తెర చేతిలో ఉండగా ధర చెప్పకూడదు. సగం కత్తిరించిన తలతో ఎవరు మాత్రం బేరమాడతారు? గుమ్మంలో, చెప్పులు విప్పకముందే చెప్పేయాలి. కుదరకపోయినా ఇద్దరికీ మర్యాద దక్కుతుంది.

ఇన్ని నేర్చుకున్న మనిషీ టీచరమ్మ దగ్గర బోల్తా పడింది.

పార్లర్ వదిలాక ఆమెను మొట్టమొదట ఇంటికి పిలిచింది టీచరమ్మే. నడుం దాటే జడ ఆవిడది. కొసలు వెంట్రుకవాసి ఎగుడుదిగుడైనా చేత్తో తడిమి పట్టేసేది. పోయినేడు పెద్ద జబ్బు చేసింది. మందులకి జుట్టంతా రాలిపోయి, పసిపిల్లల తలలా పల్చగా మళ్ళీ మొలిచింది. చెవుల పక్కనా మెడ మీదా సరిచేయమని కబురు పెట్టింది. పనయ్యాక గుడ్డ దులిపితే గుప్పెడైనా రాలలేదు. ఎప్పటి డబ్బే ఆవిడ ఇస్తే, కత్తెరక్క అందులో సగం తిరిగి చేతిలో పెట్టి, "ఇంత కొంచెం జుట్టుకి అంతెందుకండీ" అంది.

ఆవిడ అద్దం బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. తరవాత ఇక పిలవలేదు.

"జాలి పడ్డాననుకుంది. పడ్డానేమో కూడా. కానీ ఒత్తు జుట్టులో తప్పు దాక్కుంటుంది చెల్లీ, పల్చటి జుట్టులో ఎక్కడ దాక్కుంటుంది? ఊపిరి బిగబట్టి వేశాను కత్తెర. అంత పనీ చేసి, చేసిందేం లేదన్నట్టు సగం వెనక్కిచ్చాను. ఆవిడ తలనీ చిన్నబుచ్చాను, నా చేతినీ చిన్నబుచ్చాను."

వెళ్ళి క్షమించమని అడగొచ్చుగా అని కుర్చీలో కూర్చున్న అమ్మాయి అంటే కత్తెరక్క తల అడ్డంగా ఊపింది.

"అడగాలంటే మళ్ళీ ఆ జుట్టు సంగతే ఎత్తాలి. ఇంకోసారి నొప్పించడం ఎందుకు? నా బాధ ఆవిడ డబ్బుకోసం కాదు, ఆవిడ లేకపోతే నా చేతిపని తడిమి చూసేవాళ్ళే లేరు."

మెడమీది వెంట్రుకలు బ్రష్షుతో దులిపి, గుడ్డ విప్పి, సంచి సర్దుకుంది.

"మీ పై వాటాయేగా ఆవిడది. ఒకసారి వెళ్ళి నా మాటగా చెప్పు. కత్తెరక్క రేట్లు పెంచింది, అందరికీ ఒకటే రేటు, టీచరమ్మకైనా పైసా తగ్గించదట అని చెప్పు. ఎప్పుడు పిలిచినా ఖాళీయే అని కూడా... వద్దులే, ఖాళీ అనకు. వీలు చూసుకుని వస్తానంది అను. నవ్వకుండా చెప్పాలి. వెళ్ళు, తలస్నానం తరవాత చేద్దువుగాని."