తులసాకు వెనక వల

కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి చేతిలో, పొడుగు కర్రకు కట్టిన తెల్లని వల ఉంది. వల మీద బతికే ఇల్లు మాది. అంత సన్నటి వల నేనెప్పుడూ చూడలేదు.

"దీంతో ఏటి పడతావమ్మా, దోమలా?" అన్నాను.

"ఏ పురుగు దొరికితే అది పిన్నీ. మా సదువే పురుగుల మీద," అని నవ్వింది.

వెంటనే కొంగు ముడి విప్పి, ఊళ్ళో ఎవరికైనా చూపిద్దామని తెచ్చుకున్న తులసాకులు చూపించాను. మా తులసి నల్లబడి ఎండిపోతోంది. మా ఆయన వేటకు వెళ్ళి నాలుగు రోజులు. "పూజలో ఏటి తప్పు సేసినావే? సముద్రం మీదున్నోడికి మంచిది కాదు," అని అత్త అన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదని కూడా చెప్పాను.

ఆ అమ్మాయి ఆకు తిరగేసి, భూతద్దం నా చేతికిచ్చింది. ఆకు అడుగున చిన్న చిన్న పురుగులు. వాటి రెక్కలు అచ్చం వల అల్లినట్టే ఉన్నాయి.

"ఇవి రసం పీల్సేస్తన్నాయి పిన్నీ. నీ తప్పేటీ లేదు. తీర్థంలో వేసే ఆకు కదా, మందు కొట్టకు. పాడైన ఆకులు తుంచేసి, అడుగు నుంచి గట్టిగా నీళ్ళు కొట్టు."

బస్సు దిగాక ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మర్నాడు మా ఆయన ఒడ్డుకు చేరాడు. తులసి చిగురించడానికి మాత్రం నెల పట్టింది. ఇప్పుడు నేను నీళ్ళు పోసినప్పుడల్లా అత్త, "ఒసే, ఆ వలోళ్ళు మళ్ళీ వచ్చినారేటో సూడే," అంటుంది. నేను ఆకు తిరగేసి చూసి, పేరైనా అడగని ఆ అమ్మాయిని కూడా తలుచుకుని దండం పెట్టుకుంటాను.